మీ సమావేశానికి నేను హాజరు కాలేదు

గౌరవనీయులైన మేయర్ గారికి, పాలకవర్గ సభ్యులకు, టౌన్ ప్లానింగ్ అధికారులకు, ఇంజనీరింగ్ విభాగం వారికి,

నమస్కారం.

నగరానికి కొత్త మాస్టర్ ప్లాన్ వేస్తున్నాం, ప్రజల అభిప్రాయాలు చెప్పండి అని మీరు పిలిస్తే వచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. పదిన్నరకు సమావేశం అన్నారు. పదింటికల్లా మీ ఆఫీసు మెట్ల దగ్గర ఉన్నాను. హాలు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు తలుపు మీద "మరమ్మతులో ఉంది" అని కాగితం అంటించి ఉంది. ఆ కాగితం అంచులు అప్పటికే పసుపుబారి, మూలలు ముడుచుకుపోయాయి. మెట్ల కింద నా వీల్‌చైర్‌లో కూర్చుని, ఒక్కొక్కరే పైకి వెళ్తుంటే చూస్తూ ఉండిపోయాను. కొందరు ఆగి పలకరించారు. ఇద్దరు కుర్రాళ్లు "మేం ఎత్తుకుని తీసుకెళ్తాం, రండి" అన్నారు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో కాసేపట్లో చెబుతాను.

పన్నెండు దాటాక ఒక ఉద్యోగి రిజిస్టర్ పట్టుకుని కిందికి దిగి వచ్చారు. చాలా మర్యాదగా మాట్లాడారు. "ఇంత దూరం వచ్చారు, మీ పేరు లేకపోతే బాగుండదు, ఇక్కడ ఒక సంతకం పెట్టండి" అన్నారు. పెన్ను మూత తీసి మరీ ఇచ్చారు. ఆయన ముఖం చూసి కాదనలేక పెట్టేశాను. నెల తర్వాత మీరు బయటపెట్టిన నివేదికలో ఒక వాక్యం చదివాను: "వికలాంగుల ప్రతినిధులు కూడా సమావేశంలో పాల్గొని తమ సూచనలు తెలిపారు."

ఆ ప్రతినిధిని నేనే. ఆ రోజు నేను నోరు విప్పింది ఆ ఉద్యోగికి థాంక్స్ చెప్పడానికి మాత్రమే.

ఎత్తుకుంటామన్నవాళ్ల మంచి మనసును నేను తక్కువ చేయడం లేదు. కానీ పదకొండేళ్ల కిందట రోడ్డు ప్రమాదంలో నా వెన్నుపూస దెబ్బతింది. నడుం కింద స్పర్శ లేదు. ఎత్తేవాళ్లకు అలవాటు లేకపోతే, నలభై మెట్లలో ఒక్క మెట్టు దగ్గర ఒకరి కాలు జారితే, నా ఒంట్లో ఏం విరిగిందో నాకే తెలియదు. పైకి చేరాక మధ్యలో బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే మళ్లీ ఎవరినో బతిమాలాలి. సమావేశం ముగిసి అందరూ వెళ్లిపోతుంటే, నన్ను దింపేవాళ్ల కోసం ఎదురుచూడాలి. పరాయివాళ్ల చేతుల్లో వేలాడుతూ పైకొచ్చిన మనిషి మీకు ఎదురుగా కూర్చుని మీ ప్లాన్‌లో తప్పు ఉందని గట్టిగా చెప్పగలడా? చెప్పినా మీరు ఎలా వింటారు? నాకు పైకి రావడం ఒక్కటే కాదు కావాల్సింది. మీలాగా రావడం కావాలి.

ఇది నా ఒక్కరి గొడవ కాదు. 1996లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో జార్జ్ లేన్ అనే ఆయనకు కోర్టు వాయిదా పడింది. కోర్టు గది రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మొదటిసారి ఆయన వీల్‌చైర్ కింద వదిలేసి, మెట్లన్నీ పాకుతూ పైకి వెళ్లాడు. రెండోసారి పాకనన్నాడు, మోయించుకోనన్నాడు. నేను కిందే ఉన్నానని జడ్జికి కబురు పంపాడు. వాయిదాకు హాజరు కాలేదని ఆయన్ను అరెస్టు చేసి జైల్లో పెట్టారు. ఆ కేసు అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2004 మే 17న, ఐదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరోవైపు నిలిచిన తీర్పులో, కోర్టుల్లోకి అడుగు పెట్టే అవకాశం ఇవ్వని రాష్ట్రం మీద దావా వేసే హక్కు లేన్‌లాంటి వాళ్లకు ఉందని చెప్పారు.

ఆయన భవనం దాకా వచ్చినా గైర్హాజరు అని రాశారు. నేను మెట్ల కిందే ఉండిపోయినా హాజరు అని రాశారు. రెండు చోట్లా రిజిస్టర్ రాసినవాళ్లకు మెట్లు కనబడలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీరు మా కోసం ఏమీ చేయడం లేదని నేను అనను. చేస్తున్నారు. ర్యాంప్‌లు కడుతున్నారు, ఫుట్‌పాత్‌ల మీద పసుపు టైల్స్ వేస్తున్నారు, టాయిలెట్ల మీద వీల్‌చైర్ బొమ్మ గీస్తున్నారు. కానీ మా కోసం కట్టిన వాటిలో మేం వాడగలిగేవి చాలా తక్కువ. కారణం ఒక్కటే. మమ్మల్ని రిబ్బన్ కట్ చేసే రోజు ఫొటోకి పిలుస్తున్నారు గానీ, డ్రాయింగ్ గీసే రోజు పిలవడం లేదు.

ఈమధ్య కొత్తగా కట్టిన మీ వార్డు ఆఫీసునే తీసుకోండి. ముందు మూడు మెట్లున్నాయి. పక్కన ర్యాంప్ ఉంది. నా స్నేహితుడి కొడుకు టేపు తెచ్చి కొలిచాడు. మెట్ల మొత్తం ఎత్తు 45 సెంటీమీటర్లు. ర్యాంప్ పొడవు మీటరున్నర. ప్రపంచంలో చాలా దేశాల నిబంధనల్లో ఉండే లెక్క ఒకటికి పన్నెండు, అంటే సెంటీమీటరు ఎత్తుకి పన్నెండు సెంటీమీటర్ల పొడవు. ఆ లెక్కన ఈ ర్యాంప్ 5 మీటర్ల 40 సెంటీమీటర్లు ఉండాలి. ఉన్నది అందులో మూడో వంతు కూడా కాదు.

కాగితం మీద ఇదో చిన్న తేడాలా కనిపిస్తుంది. కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుందో చెబుతాను. వెనక్కి జరిగి, రెండు చేతులతో చక్రాల రిమ్ములు బిగించి పట్టుకుని, ఒక్క ఊపున ముందుకు తోస్తాను. ముందున్న చిన్న చక్రాలు ర్యాంప్ ఎక్కగానే కుర్చీ వెనక్కి ఒరుగుతుంది. రెండో తోపుకి చిన్న చక్రాలు నేలను వదిలి గాల్లోకి లేస్తాయి. ఆ క్షణంలో కుర్చీతో సహా వెల్లకిలా పడతానా, ఆగుతానా అన్నది తెలియదు. చేతులు వదిలితే వెనక్కి జారిపోతాను, పట్టుకుంటే అరచేతుల చర్మం లేస్తుంది. దాని మీద నున్నటి గ్రానైట్ వేశారు. చినుకు పడితే ఆ పట్టు కూడా ఉండదు. పైకి చేరితే తలుపు ముందు తిరగడానికి చోటు లేదు. తలుపేమో బయటికి తెరుచుకుంటుంది. దాన్ని లాగాలంటే నేను మళ్లీ ర్యాంప్ మీదికి వెనక్కి జరగాలి.

ఆ ఆఫీసు కట్టిన ఇంజనీరు గారితో మాట్లాడాను. మంచి మనిషి. ఫైలు తెప్పించి చూపించారు. చెక్‌లిస్టులో "ర్యాంప్ ఉందా?" అనే గడి ఉంది. అందులో "ఉంది" అని టిక్కు ఉంది. వాలు ఎంత అనే గడి లేదు. ఎవరైనా ఎక్కి చూశారా అనే గడి అసలే లేదు. "ఏదో ఒకటి పెట్టాం కదండీ, గుడ్డిలో మెల్ల" అన్నారాయన. నాతో వచ్చిన స్నేహితుడికి పుట్టుకతోనే చూపు లేదు. ఆయన ఏమీ అనలేదు, చేతికర్ర మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంజనీరు గారు వెంటనే గమనించి చాలా బాధపడ్డారు, క్షమాపణ కూడా చెప్పారు. ఆయన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన పాతికేళ్ల ఉద్యోగంలో చూపు లేని మనిషి బల్లకి అటువైపు కూర్చుని పని గురించి మాట్లాడటం అదే మొదటిసారి అట. ఆ మాట ఆయనే చెప్పారు. నన్ను కలవరపెట్టింది ఆ సామెత కాదు, ఈ మాట.

అదే స్నేహితుడితో ఒక సాయంత్రం మీ కొత్త ఫుట్‌పాత్ మీద వెళ్లాను. పసుపు టైల్స్ మీద ఆయన కర్ర ఆనించి నడుస్తున్నాడు, నేను పక్కన రోడ్డు మీద వస్తున్నాను. నేను రోడ్డు మీద ఎందుకంటే, బైకులు ఎక్కకుండా మీరు ఫుట్‌పాత్ మొదట్లో పాతిన సిమెంటు దిమ్మెల మధ్య నా కుర్చీ పట్టదు. ఆ టైల్స్‌కి ఒక భాష ఉంది. పొడుగు గీతలుంటే నడువు అని. గుండ్రటి బొడిపెలుంటే ఆగు, ముందు ఏదో ఉంది అని. 1965లో జపాన్‌లో సెయీచీ మియాకే అనే ఆయన వీటిని తయారు చేశాడు. 1967లో ఒకాయామా నగరంలో, చూపు లేని పిల్లల బడి దగ్గరి రోడ్డు మీద మొదటిసారి పరిచారు. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకాయి. ఇప్పుడు చాలా దేశాల రైల్వే స్టేషన్లలో చూపు లేని మనిషి అరికాలితో చదివే అక్షరాలు అవి.

మన ఫుట్‌పాత్ మీద గీతల టైల్స్ నా స్నేహితుణ్ని నేరుగా ఒక కరెంటు స్తంభం దగ్గరికి తీసుకెళ్లాయి. కర్ర తగిలింది కాబట్టి సరిపోయింది. స్తంభానికి అటువైపు మళ్లీ గీతలు మొదలయ్యాయి. ఇంకాస్త ముందుకు వెళ్తే, మ్యాన్‌హోల్ మూత చుట్టూ ఆపేసి, మూత దాటాక మళ్లీ అతికించారు. రోడ్డు దాటే చోట బొడిపెలు ఉండాల్సింది, అక్కడా గీతలే. అంటే వచ్చే బండ్లలోకి "నడువు" అని చెబుతున్నాయి. ఆయన అక్కడ ఆగి, "ఇక్కడ రోడ్డేనా?" అని నన్ను అడిగాడు. చేతిని నా కుర్చీ వీపు మీద వేశాడు. ఆ చెయ్యి వణకడం నాకు తెలిసింది.

టైల్స్ వేసిన మేస్త్రీది తప్పా? ఆయనకి ఎవరూ చెప్పలేదు. టెండర్‌లో అవి చదరపు మీటర్లలో కొలిచే పసుపు రంగు టైల్స్. స్టాకులో ఏవి ఉంటే అవి వేశాడు. అక్షరాలు రాని మనిషి చేతికి అచ్చులిచ్చి బోర్డు రాయమన్నట్టు ఉంది ఈ పని. ఆ బోర్డు చదివేవాణ్ని పక్కన నిలబెడితే గంటలో సరిపోయేది.

ఇక్కడ ఒక చిక్కుముడి గురించి చెప్పాలి. మమ్మల్ని ఎందుకు పిలవాలో దీనికంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. ఫుట్‌పాత్ అంచుని రోడ్డు మట్టానికి వాలుగా దింపితే నాలాంటివాళ్లం ఎక్కగలం, దిగగలం. రెండో ప్రపంచ యుద్ధం ముగుస్తున్న రోజుల్లో, 1945లో, అమెరికాలోని కలమజూ పట్టణంలో గాయపడి తిరిగొచ్చిన సైనికుల కోసం ఇలా అంచులు దించారు. అడిగి చేయించింది కూడా అలా గాయపడి వచ్చిన ఒక మాజీ సైనికుడే, జాక్ ఫిషర్ అనే లాయరు. 1960ల్లో ఇంగ్లండ్‌లోని నారిచ్ నగరంలో, తనే పోలియో బారిన పడిన ఆర్కిటెక్ట్ సెల్విన్ గోల్డ్‌స్మిత్, వీల్‌చైర్ వాడేవాళ్లను కలిసి ఏది అడ్డమో అడిగి తెలుసుకుని అంచులు దింపించాడు. మాకు ఇది పెద్ద వరం.

కానీ నా స్నేహితుడికి ఆ అంచే ఆధారం. కర్ర కొసకి ఆ మెట్టు తగిలితేనే ఫుట్‌పాత్ అయిపోయింది, ఇక రోడ్డు అని ఆయనకి తెలుస్తుంది. నా కోసం దాన్ని నున్నగా దించేస్తే ఆయన తెలియకుండా బండ్ల మధ్యకి వెళ్లిపోతాడు. నాకు మేలు చేసింది ఆయన ప్రాణం మీదికి తెస్తుంది. చాలా నగరాలు ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకుని, అంచు దించిన ప్రతి చోటా బొడిపెల టైల్స్ వేయడం మొదలుపెట్టాయి. వాలు నాకు, బొడిపెలు ఆయనకు. ఆ బొడిపెలు మరీ ఎత్తుగా ఉంటే నా కుర్చీ అదిరి, కాళ్లలో కండరాలు బిగుసుకుపోతాయి. ఎంత ఎత్తయితే ఆయన కాలికి తెలుస్తుంది, నా ఒళ్లు తట్టుకుంటుంది? ఈ లెక్క మేమిద్దరం ఒకే చోట నిలబడి మాట్లాడుకుంటే తేలుతుంది. "వికలాంగులు" అని ఒకే ముద్దగా చూస్తే తేలదు. మాలో ఒకరి అవసరం ఇంకొకరి అవసరంతో తగువు పడుతుంది కూడా. ఒక్కరిని పిలిచి సంతకం తీసుకుంటే ఆ తగువు మీకు ఎప్పటికీ తెలియదు.

మమ్మల్ని దివ్యాంగులు అనాలా, వికలాంగులు అనాలా, ఇంకేమైనా అనాలా అని మీ సర్క్యులర్లలో చర్చ జరుగుతోందని తెలుసు. గౌరవంగా పిలవాలనే ఆలోచన మంచిదే. మాలోనే దీని మీద ఒక్కో మాట ఒక్కొక్కరిది. కానీ ముందు సమావేశానికి పిలవండి. ఏమని పిలవాలో అక్కడే చెబుతాం.

డబ్బు గురించి కూడా మాట్లాడుకుందాం, ఎందుకంటే చివరికి ప్రతి ఫైలూ అక్కడే ఆగుతుంది. కట్టేటప్పుడే తలుపు 90 సెంటీమీటర్ల వెడల్పు పెడితే పెద్ద ఖర్చు ఉండదు. కట్టాక గోడ పగలగొట్టి వెడల్పు చేయాలంటే ఉంటుంది. మీరు ఏటా రోడ్ల మీద కొత్త తారు పోస్తూనే ఉన్నారు. అదే సమయంలో ఫుట్‌పాత్ అంచులు దించితే వేరే తవ్వకం, వేరే టెండర్ అక్కర్లేదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో వికలాంగులు కోర్టుకు వెళ్తే 1993లో అప్పీలు కోర్టు ఇదే చెప్పింది: రోడ్డుకి కొత్త పొర వేస్తే అది రోడ్డుని మార్చినట్టే, కాబట్టి ఆ కూడలి అంచుల్లో ర్యాంప్‌లు కూడా వేయాల్సిందే. ఆ దేశంలోనే ఇంకో నగరం శాక్రమెంటోలో ఇంకా ముందుకు వెళ్లారు. ఫుట్‌పాత్ అనేది నగరం పౌరులకి అందించే సేవ, అది అందరికీ అందాల్సిందే అని 2002లో కోర్టు తేల్చాక, ఆ నగరం రాజీకి వచ్చింది. రవాణా నిధుల్లో ఏటా 20 శాతం, 30 ఏళ్ల దాకా, ఫుట్‌పాత్‌లను అందరూ వాడగలిగేలా మార్చడానికి పెడతామని ఒప్పుకుంది. రాత్రికి రాత్రే నగరం మారిపోవాలని ఎవరూ అడగలేదు. ప్రతి బడ్జెట్‌లో ఒక వాటా పక్కన పెట్టి, దాన్ని ఇంకో పనికి మళ్లించకుండా ఉంటే చాలన్నారు. మా నగరంలో కూడా నేను అడిగేది ఆ పద్ధతే.

పాత భవనాల సంగతి వేరు, వాటిని ముట్టుకోలేం అని మీలో ఒకరు అన్నారని విన్నాను. ఏథెన్స్‌లోని ఆక్రోపోలిస్ కొండ మీదున్న గుడికి దాదాపు 2,500 ఏళ్లు. 2020 డిసెంబర్‌లో ఆ కొండకి వీల్‌చైర్లు ఎక్కే కొత్త లిఫ్టు పెట్టారు. చుట్టూ పాత కోటగోడ ఉన్న స్పెయిన్ పట్టణం ఆవిలా, వికలాంగులకి అనువైన నగరాలకు యూరోపియన్ కమిషన్ ఇచ్చే అవార్డుని అందరికంటే ముందు గెలుచుకుంది. మన ఆఫీసు మెట్లు వాటికంటే పాతవి కావు.

మెట్లూ ర్యాంప్‌ల గురించే ఎక్కువ రాశాను, నా ఒంటికి తెలిసినవి అవి కాబట్టి. కానీ మా అందరికీ అడ్డం మెట్లే కాదు. మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరాలు తెలపమని మీరు వెబ్‌సైట్‌లో పెట్టిన ఫైలు స్కాన్ చేసిన బొమ్మ. నా స్నేహితుడి ఫోన్‌లో తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని తెరిచి, "ఇమేజ్, ఇమేజ్, ఇమేజ్" అని ఎనభై ఆరు పేజీలూ చదివింది. అదే ఫైలు మీ దగ్గర టైప్ చేసి ఉంటుంది, దాన్నే పెడితే సరిపోయేది. ఫిర్యాదులకి ఫోన్ నంబర్ ఒక్కటే ఇచ్చారు. వినికిడి లేనివాళ్లు ఎలా ఫోన్ చేస్తారు? ఒక మెసేజ్ నంబర్ పెట్టండి. సమావేశాలకి సైన్ లాంగ్వేజ్ తెలిసినవాళ్లని పిలవండి. మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్లకీ, ఆ మాటకొస్తే చాలామంది మామూలు పౌరులకీ, మీ నోటిఫికేషన్ల భాష అర్థం కాదు. వరద వస్తే సైరన్ మోగిస్తామన్నారు, అది వినపడనివాళ్లకి ఎవరు చెబుతారు? మూడో అంతస్తులో ఉన్న నాలాంటివాళ్లను ఎవరు దింపుతారు? ప్రకృతి విపత్తుల ప్లాన్‌లో మా గురించి ఒక్క పేజీ అయినా ఉందా?

టాయిలెట్ గురించి చెప్పకుండా వదల్లేను. మీ ఆఫీసు కింది అంతస్తులో వీల్‌చైర్ బొమ్మ ఉన్న టాయిలెట్ ఉంది. ఆ రోజు సమావేశం కోసం కింద ఎదురుచూస్తున్నప్పుడు అవసరమై వెళ్లాను. తాళం ఉంది. అరగంట వెతికితే తాళంచెవి దొరికింది. లోపల చీపుళ్లు, ఫినాయిల్ డబ్బాలు, విరిగిన కుర్చీ, పాత బ్యానర్లు. ఒక బ్యానర్ మీద నవ్వుతున్న పిల్ల బొమ్మ, కింద "అందరి నగరం" అని ఉంది. మా ఒంటికి టైమ్ ప్రకారం బ్లాడర్ ఖాళీ చేసుకోకపోతే ఇన్ఫెక్షన్ వస్తుంది, అది కిడ్నీల దాకా వెళ్తుంది. బయటికి వెళ్లే రోజు ఉదయం నుంచి నీళ్లు తాగకుండా ఉండటం మాలో చాలామందికి అలవాటైపోయింది. ఒక తాళంచెవి ఎక్కడుందో తెలియకపోవడం వల్ల ఒక మనిషి ఆరోగ్యం పాడవుతుందని మీకు తట్టి ఉండదు. నాకు అర్థమవుతుంది. అందుకే చెబుతున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏదో ఒక రకమైన ముఖ్యమైన వైకల్యంతో బతుకుతున్నవాళ్లు ప్రపంచంలో 130 కోట్ల మంది. అంటే ఆరుగురిలో ఒకరు. ర్యాంప్ ఉంటే ముసలివాళ్లకీ, పిల్లల బండి తోసే తల్లులకీ, కాలు విరిగినవాళ్లకీ కూడా మేలు అని మా తరఫున వాదించే మిత్రులు చెబుతుంటారు. నిజమే. ఆ మాట చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు మాత్రం మనసు చివుక్కుమంటుంది. ఇంకెవరికో ఉపయోగపడితే తప్ప మా దారి మాకు ఇవ్వరా? ఊళ్లో మేం ఒక్కరమే ఉన్నా అది మా ఊరే కదా.

2006 డిసెంబర్ 13న ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. 180కి పైగా దేశాలు దానికి కట్టుబడ్డాయి. దాని తొమ్మిదో అధికరణం భవనాలు, రోడ్లు, రవాణా, సమాచారం అన్నీ మాకు అందుబాటులో ఉండాలంటుంది. నేను మీకు గుర్తుచేయాలనుకున్నది మాత్రం నాలుగో అధికరణం మూడో భాగం. మాకు సంబంధించిన నిర్ణయాలు తీసుకునేటప్పుడు, మా సంఘాల ద్వారా మమ్మల్ని దగ్గరగా సంప్రదించి, చురుగ్గా భాగం చేయాలని అందులో ఉంది. రిజిస్టర్ కిందికి పంపడం ఆ సంప్రదింపు కాదు.

నేను అడిగేవి మీ చేతుల్లో ఉన్నవే. ముందు ఈ ఒక్కటి చేయండి: మా కోసం అని చెప్పి కట్టే ఏ పనికైనా కాంట్రాక్టర్‌కి ఆఖరి బిల్లు ఇచ్చే ముందు, మాలో కొందరం ఆ పనిని వాడి చూసి సంతకం పెట్టాలి. వీల్‌చైర్ మీద ఒకరు, చేతికర్రతో ఒకరు, వినికిడి లేనివాళ్లు ఒకరు. ర్యాంప్ ఎక్కి చూస్తాం, టైల్స్ మీద నడిచి చూస్తాం, టాయిలెట్ తలుపు లోపల నుంచి వేసుకుని చూస్తాం. పనికొస్తే సంతకం, లేకపోతే సరిచేశాకే బిల్లు. ఇప్పుడు మీ కొలతల పుస్తకంలో పొడవు, వెడల్పు, మందం రాస్తున్నారు. "వాడి చూశాం" అని ఇంకో వరుస చేర్చడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదనుకుంటాను. ఇది మొదలైతే మిగతావి చాలావరకు వాటంతట అవే దారిలో పడతాయి, ఎందుకంటే బిల్లు ఆగుతుందని తెలిస్తే డ్రాయింగ్ దశలోనే మమ్మల్ని పిలిచి అడుగుతారు.

ఆ పనికి వచ్చేవాళ్లకి మీరు కన్సల్టెంట్లకి ఇచ్చినట్టే ఫీజు ఇవ్వండి. ఉచితంగా చేయమంటే నేను చేస్తాను, కానీ రోజు కూలి మీద బతికే నా స్నేహితుడు ఒక రోజు మానుకుని ఎలా వస్తాడు? మా అనుభవం కూడా ఒక నైపుణ్యమే. పదకొండేళ్లుగా ఈ నగరం ప్రతి గుంతనీ నా వెన్నుతో కొలిచాను.

లిఫ్టు బాగయ్యేదాకా పాలకవర్గ సమావేశాలు, ప్రజాభిప్రాయ సేకరణలు కింది అంతస్తులోనే పెట్టండి. మీ ఆఫీసులో కుదరకపోతే మెట్లు లేని ఏ బడి హాలులోనైనా పెట్టవచ్చు. ఒకరోజు మీరు కూడా మాతో బయల్దేరండి. ఫొటోగ్రాఫర్ వద్దు. వీల్‌చైర్‌లో కూర్చోమని కూడా అడగను, పది నిమిషాలు కూర్చుంటే మా బతుకు తెలుస్తుందని నేను అనుకోను. మా పక్కన నడవండి చాలు. బస్టాపు నుంచి మీ ఆఫీసు దాకా నాలుగు వందల మీటర్లు. నాకు నలభై నిమిషాలు పడుతుంది. ఎక్కడెక్కడ ఆగుతానో, ఎవరెవరిని సాయం అడుగుతానో చూడండి. డ్రైనేజీ జాలీ ఊచలు నేను వెళ్లే దిశలోనే ఉన్న చోట నా ముందు చక్రం ఇరుక్కుంటుంది. దాన్ని అడ్డంగా తిప్పి బిగిస్తే చాలు. మీ ఇంజనీరు గారు పక్కన ఉంటే అది ఆ రోజే అయిపోతుంది.

చివరిగా ఒక అభ్యర్థన. దీన్ని విడిగా రాతపూర్వకంగా కూడా ఇస్తున్నాను. ఆ రోజు రిజిస్టర్‌లో నా పేరు ఎదురుగా ఉన్న సంతకాన్ని కొట్టేయండి. అది పెట్టడం నా పొరపాటు, దాన్ని నేను ఒప్పుకుంటున్నాను. నివేదికలోని ఆ వాక్యాన్ని తీసేసి, దాని స్థానంలో జరిగింది రాయండి: ఫలానా వ్యక్తి సమావేశానికి వచ్చారు, ఉదయం పది నుంచి పన్నెండు దాకా మెట్ల కింద ఉన్నారు, పైకి రావడానికి దారి లేదు. మాస్టర్ ప్లాన్ ఇంకా ముసాయిదాలోనే ఉంది కాబట్టి, మా మాట వినడానికి సమావేశం మళ్లీ పెట్టండి. తేదీ చెబితే వస్తాం. ఈసారి రిజిస్టర్ హాలు లోపలే ఉంచండి.

ఇట్లు,
మీ నగర పౌరుల్లో ఒకరు